డల్లాస్‌లో తెగిన పెళ్లి ఒంగోలులో తెగినట్టేనా?

క్లుప్తంగా: విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఆ దేశంలో చెల్లుతాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో చెల్లాలంటే మాత్రం రెండు ప్రశ్నలు దాటాలి. అవతలి మనిషి ఇష్టపూర్వకంగా ఆ కోర్టు ముందుకు వచ్చారా? విడాకులకు చూపిన కారణం ఆ పెళ్లి జరిగిన చట్టంలో ఉందా? ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. ఇద్దరూ ఒప్పుకుని తెచ్చుకున్నదానికి దారి ఉంది. పొలం, బంగారం, పిల్లల సంగతులు మాత్రం విడాకులతో పాటు వాటంతట అవే తేలవు.

ఇక్కడ పడిన ముడి, అక్కడ విప్పాలి

కావలి అబ్బాయి, పొదిలి అమ్మాయి అనుకుందాం. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో పెళ్లి, నెల్లూరులో రిసెప్షన్, నెల తిరక్కుండానే డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం. అబ్బాయిది హెచ్-1బి ఉద్యోగ వీసా, అమ్మాయిది దాని మీద ఆధారపడిన హెచ్-4. నాలుగేళ్లు గడిచినా పొసగలేదు, విడిపోదామనుకున్నారు. ఇద్దరూ భారత పౌరులే, పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగిందే. కానీ ఉద్యోగం, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, పాప చదివే బడి అన్నీ టెక్సాస్‌లో ఉన్నాయి. ఈ విడాకులు ఎవరివ్వాలి?

ఇది ఊహించి చెప్పిన జంటే. అయితే నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటి ప్రశ్న ఎదురుకాని బంధువర్గం ఇప్పుడు తక్కువ. ఇంట్లో పెద్దలు ‘మన పెళ్లి మన దగ్గరే రద్దు కావాలి’ అంటారు. అక్కడి స్నేహితులు ‘అమెరికాలో అయితే మూడు నెలల పని’ అంటారు. రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోవడం వల్లే ఏళ్ల తర్వాత, రెండో సంబంధం కుదిరే వేళకి, పాత కేసు మళ్లీ పైకి లేస్తోంది.

విదేశీ కోర్టు ముందుగా చూసేది పెళ్లి ఎక్కడ జరిగిందని కాదు, దంపతుల్లో ఒకరైనా అక్కడ ఎంతకాలంగా నివసిస్తున్నారని. టెక్సాస్‌లో అయితే రాష్ట్రంలో ఆరు నెలలు, మన జిల్లా లాంటి ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. పిటిషన్ వేశాక కనీసం 60 రోజులు ఆగాలి. కాలిఫోర్నియాలో రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో మూడు నెలలు. నోటీసు అందాక మరో ఆరు నెలలు గడిస్తే గానీ పెళ్లి రద్దు కాదు. న్యూజెర్సీలో సాధారణంగా ఏడాది నివాసం అడుగుతారు, నెవాడాలో ఆరు వారాలు చాలు. ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 6 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పెళ్లయి ఏడాది దాటితే ఒక్కరు దరఖాస్తు చేసినా సరిపోతుంది. 20 వారాలకు షరతులతో కూడిన ఉత్తర్వు, మరో ఆరు వారాలకు తుది ఉత్తర్వు వస్తాయి. ఆస్ట్రేలియాలో పన్నెండు నెలలు విడిగా ఉన్నట్టు చూపాలి. కెనడాలో ఏడాది నివాసం, సాధారణంగా ఏడాది ఎడబాటు. సింగపూర్ అన్నిటికన్నా కఠినం. అక్కడ స్థిరపడనివాళ్లయితే మూడేళ్ల నివాసం ఉండాలి, మామూలుగా పెళ్లయి మూడేళ్లు నిండనిదే పిటిషన్ తీసుకోరు.

కాలపరిమితులు వేరైనా వీటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది. తప్పు ఎవరిదని అవి పట్టుబట్టి అడగవు. ‘ఇక కలిసి బతకలేం’ అంటే చాలు. కాలిఫోర్నియా 1970 నుంచే ఈ దారిలో ఉంది. న్యూయార్క్ 2010లో వచ్చి చేరింది.

హిందూ వివాహ చట్టం నడక వేరు. అందులోని సెక్షన్ 13 కారణాలను లెక్కగట్టి చెబుతుంది. క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి ఉండటం, వివాహేతర సంబంధం, మతం మారడం, తీవ్రమైన మానసిక జబ్బు, ఇలా. ‘మళ్లీ అతుక్కోలేనంతగా పెళ్లి చెడిపోయింది’ అన్నది ఆ జాబితాలో లేదు. దాన్ని చేర్చాలని లా కమిషన్ 1978లోనే సిఫారసు చేసింది. 2010లో పార్లమెంటులో బిల్లు పెట్టారు, రాజ్యసభ 2013లో ఆమోదించింది కూడా. చట్టం మాత్రం కాలేదు. ఆ కారణంతో విడాకులివ్వగలిగింది రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఒక్కటే అని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఒంగోలు ఫ్యామిలీ కోర్టు జడ్జికి ఆ అధికారం లేదు.

డల్లాస్ కోర్టు ఏ కారణం మీద విడాకులిస్తుందో, ఆ కారణం ఒంగోలు కోర్టు చదివే చట్టంలో లేదు. మొత్తం చిక్కు ఇక్కడి నుంచే మొదలైంది.

తిరుపతిలో పెళ్లి, మిస్సోరిలో డిక్రీ

ఈ విషయంలో దేశమంతా ఇప్పటికీ పట్టుకునే తీర్పు ఒక తెలుగు జంటదే కావడం విశేషం. న్యాయవాదులు దాన్ని ‘నరసింహారావు కేసు’ అంటారు. 1975లో తిరుపతిలో పెళ్లయింది. 1978లో విడిపోయారు. భర్త మొదట తిరుపతి సబ్ కోర్టులోనే విడాకుల పిటిషన్ వేశారు. ఆ తర్వాత అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టుకు వెళ్లారు. తాను 90 రోజులకు పైగా ఆ రాష్ట్రంలో ఉంటున్నానని చెప్పారు. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా, నిరసన తెలుపుతూ జవాబు పంపారు. ఆమె లేకుండానే 1980 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది. పెళ్లి బాగుచేయలేనంతగా చెడిపోయిందన్నది కారణం. 1981 నవంబరులో యాదగిరిగుట్టలో ఆయన మరో పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య ద్వితీయ వివాహం నేరం కింద ఫిర్యాదు చేశారు.

1991 జులై 9న సుప్రీంకోర్టు మిస్సోరి డిక్రీ ఇక్కడ చెల్లదంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 13ను ఒక్కో ముక్కగా తీసి, పెళ్లి వ్యవహారాలకు ఎలా అన్వయించాలో వివరించింది. ఆ సెక్షన్ ప్రకారం విదేశీ తీర్పును ఆరు సందర్భాల్లో తోసిపుచ్చవచ్చు. అధికారం లేని కోర్టు ఇచ్చినా, మంచిచెడ్డలు విచారించకుండా ఇచ్చినా, భారత చట్టం వర్తించాల్సిన చోట దాన్ని పట్టించుకోకపోయినా, అవతలి పక్షం మాట వినకుండా సహజ న్యాయానికి విరుద్ధంగా ఇచ్చినా, మోసంతో సంపాదించినా, ఇక్కడి చట్టాన్ని ఉల్లంఘించే హక్కును నిలబెట్టినా ఆ తీర్పు నిలవదు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులివ్వాలన్నది ఆ తీర్పు సారం.

మూడు మినహాయింపులు కూడా చెప్పింది. అవతలి పక్షం శాశ్వతంగా నివసించే చోటే కేసు వేసి, కారణం మన చట్టంలో ఉన్నదే అయితే చెల్లుతుంది. అవతలి పక్షం స్వచ్ఛందంగా హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీద నిజంగా వాదించి ఉంటే చెల్లుతుంది. లేదా అవతలి పక్షం విడాకులకు ఒప్పుకుని ఉంటే, ఆ కోర్టు అధికార పరిధి మన చట్టానికి సరిపడకపోయినా చెల్లుతుంది. విదేశాల్లో ఉన్న జంటలకు ఎక్కువగా పనికొచ్చేది ఈ మూడోదే. ఫ్రిస్కో జంట ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టి, ఒప్పుకున్నట్టు డిక్రీలో స్పష్టంగా రాయించుకుంటే ఒంగోలులో దాన్ని కాదనడం కష్టం. ఒప్పుకున్న విషయం కాగితం మీద కనపడకుండా కేవలం ‘పెళ్లి నిలవదు’ అని రాసిన డిక్రీ అయితే తర్వాత వాదనకు సందు దొరుకుతుంది.

ఇదే కేసులో ఇంకో చిన్న సంగతి ఉంది, పైకి కనిపించినంత చిన్నది కాదు. కింది కోర్టు మిస్సోరి డిక్రీ ఫొటోస్టాట్ కాపీ చూసి భర్తను వదిలేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. విదేశీ కోర్టు తీర్పు జెరాక్స్ కాపీ సాక్ష్యం కాదు, ధ్రువీకరించిన ప్రతి ఉండాలి.

అంతకు ముందు 1974లో నెవాడా డిక్రీ ఒకటి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. స్థిరనివాసం లేకపోయినా ఉన్నట్టు చూపించి తెచ్చుకున్నదని తేల్చి కొట్టేశారు. ఆరు వారాల నివాసంతో పని జరిగే చోటును వెతుక్కుంటూ వెళ్లడం ఎంత ప్రమాదమో ఆ కేసు అప్పుడే చెప్పింది.

పొదిలి ఇంటికి వచ్చిన కవరు

వాస్తవంలో ఎక్కువ నష్టం జరిగేది ఈ దశలో. సంక్రాంతికి అమ్మాయిని పుట్టింటికి పంపుతారు. తిరుగు టికెట్ సంగతి తర్వాత చూద్దామంటారు. కొన్ని వారాలకు కొరియర్‌లో ఒక దళసరి కవరు వస్తుంది. నలభై యాభై పేజీల ఇంగ్లిష్, పైన కౌంటీ కోర్టు పేరు, అమ్మాయి పేరు ముందు ‘రెస్పాండెంట్’, అంటే ప్రతివాది. ఇంటి పెద్ద సంతకం పెట్టి తీసుకుని, దేవుడి గూట్లో పెట్టి, పెద్దమనుషులతో మాట్లాడదాంలే అంటాడు. టెక్సాస్ సమన్లలో జవాబు గడువు ఇలా ఉంటుంది: కాగితాలు అందిన నాటి నుంచి 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు. అంటే పొదిలిలో ఆ సోమవారం రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. ఆ రాత్రి దాటితే ఆమె మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చే అవకాశం ఆ కోర్టుకు వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. విదేశీ కోర్టు సమన్లను ఎలా అందించాలన్న హేగ్ ఒప్పందంలో భారత్ చేరింది, 2007 నుంచి అది అమల్లో ఉంది. నేరుగా పోస్టులో పంపడాన్ని భారత్ ఆ ఒప్పందంలోనే అభ్యంతరపెట్టింది. సరైన దారి ఢిల్లీలోని కేంద్ర న్యాయశాఖ ద్వారా జిల్లా కోర్టుకు, అక్కడి నుంచి కోర్టు సిబ్బంది చేతుల మీదుగా ఇంటికి. కొరియర్‌లోనో, వాట్సాప్‌లోనో, ఈమెయిల్‌లోనో వచ్చిన సమన్లు ఆ దారిలో వచ్చినవి కావు. తర్వాత ఆ డిక్రీని ఇక్కడ సవాలు చేసేటప్పుడు ఇది గట్టి ఆధారం అవుతుంది.

అలాగని కవరును పట్టించుకోకుండా వదిలేయడం తెలివైన పని కాదు. ఇక్కడ చెల్లకపోయినా అక్కడ డిక్రీ చెల్లుతుంది. ఆస్తి పంపకం, పాప కస్టడీ అన్నీ అందులోనే అయిపోతాయి. పూర్తిగా హాజరై వాదిస్తే ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టు తర్వాత అనవచ్చు. నరసింహారావు కేసులో భార్య నడిచిన దారి మధ్యస్థమైనది: ఈ కోర్టుకు అధికారం లేదని ముందే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడం. అయితే ఆ అభ్యంతరాన్ని ఎప్పుడు, ఏ రూపంలో చెప్పాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అక్కడి న్యాయవాది చేత రాయించకపోతే అభ్యంతరమే హాజరుగా మారే ప్రమాదం ఉంది. అదే సమయంలో ఇక్కడి కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టుకే వెళ్లవచ్చు, పెళ్లి ఎక్కడ జరిగినా సరే.

ఇలా దిక్కుతోచక ఉన్నవారికి జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల విభాగం 2009 నుంచి ఉంది. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ద్వారా దౌత్య కార్యాలయానికి ఫిర్యాదు చేరుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు నెల్లూరులో, ఒంగోలులో మహిళలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తాయి, ఆదాయంతో నిమిత్తం లేదు. ఈ చివరి మాట తెలియక అప్పు చేసి ఫీజులు కట్టే కుటుంబాలున్నాయి.

ఎవరు ముందు వేస్తే వారిదా?

రెండు దేశాల్లో పోటాపోటీగా కేసులు ఎందుకు పడతాయన్నదానికి జవాబు చాలావరకు డబ్బులో ఉంది. టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో పెళ్లయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా అది ఉమ్మడి ఆస్తి. ఇల్లు, రిటైర్మెంట్ ఖాతా, కంపెనీ షేర్లు అన్నీ పంపకంలోకి వస్తాయి. హిందూ వివాహ చట్టంలో అలాంటి ఉమ్మడి ఆస్తి భావనే లేదు. సెక్షన్ 25 కింద భరణం, సెక్షన్ 27 కింద పెళ్లి సందర్భంగా ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువులు, అంతే. భరణం ఎంతన్నది జడ్జి విచక్షణ. 2020 తర్వాత ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, రాబడి వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది.

అందుకే ఎక్కువ సంపాదించే పక్షానికి నెల్లూరు కోర్టు అనుకూలంగా కనిపిస్తుంది, ఇంట్లో ఉండిపోయిన పక్షానికి డల్లాస్ కోర్టు. పుట్టింటికి పంపేసిన అమ్మాయికి డల్లాస్ అందని దూరం, కాబట్టి ఆమెకు సొంత ఊరి కోర్టే దిక్కు. ఒకరు ఇక్కడ వేశారని అక్కడి కేసు దానంతట అది ఆగదు. 2018లో ఇలాంటిదే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త గురుగ్రామ్‌లో విడాకుల కేసు వేశారు, భార్య ఫ్లోరిడాలో వేశారు. ఫ్లోరిడా కేసును ఆపించమని భర్త అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అక్కడి విడాకులతో ఇక్కడ రెండో పెళ్లి చేసుకుంటే ఏమవుతుందన్నది ఈ పోటీలో చివర బయటపడే ప్రశ్న. డిక్రీ ఇక్కడ చెల్లకపోతే మొదటి పెళ్లి బతికే ఉన్నట్టు. ద్వితీయ వివాహం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. దానికన్నా బాధాకరం రెండో భార్య స్థితి. అమెరికాలో ఆమె చట్టబద్ధమైన భార్య కావచ్చు, ఒంగోలులో ఆ పెళ్లే చెల్లనిది కావచ్చు. ఏ తప్పూ లేని మనిషి రెండు దేశాల చట్టాల మధ్య ఇరుక్కుంటుంది. సంబంధం మాట్లాడేటప్పుడు ‘విడాకులయ్యాయి’ అన్న మాట విని ఊరుకోకుండా, ఏ కోర్టు ఇచ్చింది, అవతలివాళ్లు ఒప్పుకున్నారా, ఆ ప్రతి చూపండి అని అడగడంలో తప్పేమీ లేదు.

అక్కడ ఉంటూ ఇక్కడ విడిపోవడం

ఇద్దరూ ఒప్పుకున్నప్పుడు చిక్కులు తక్కువగా ఉండే దారి హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి. పరస్పర అంగీకారంతో విడాకులన్నది 1976లో ఈ చట్టంలోకి వచ్చింది. ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. ‘విడిగా’ అంటే వేరే ఇల్లే కానక్కర్లేదని, భార్యాభర్తలుగా కాపురం చేయకపోవడమే లెక్కని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె భారానికి ఒకే అపార్ట్‌మెంట్‌లో చెరో గదిలో సర్దుకుంటున్న జంటలకు ఇది ముఖ్యం. మొదటి అడుగుకీ రెండో అడుగుకీ మధ్య ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను 2017 తీర్పు సడలించింది. చాలాకాలంగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, కస్టడీ అన్నీ తేల్చుకుని ఉంటే జడ్జి ఆ గడువు మాఫీ చేయవచ్చు.

ఏ కోర్టు? పెళ్లి జరిగిన చోటు, ఇద్దరూ చివరగా కలిసి ఉన్న చోటు, అవతలి పక్షం ఉంటున్న చోటు, భార్య ఉంటున్న చోటు, వీటిలో ఏదైనా కావచ్చు. తిరుమలలో పెళ్లి చేసుకున్న నెల్లూరు జంటకు తిరుపతి కోర్టుకు కూడా పరిధి ఉంటుంది. ఫ్యామిలీ కోర్టులో అయితే ఎఫ్‌సీఓపీ అని, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అయితే హెచ్‌ఎంఓపీ అని నంబరు పడుతుంది. ఇద్దరి తరఫునా తండ్రో అన్నో పవర్ ఆఫ్ అటార్నీతో పిటిషన్ నడిపించడం, వాంగ్మూలం వీడియో ద్వారా ఇవ్వడం ఇప్పుడు అసాధారణం కాదు. ఒప్పుకోవడమా లేదా అన్నది జడ్జి నిర్ణయం కాబట్టి ఒక్కసారైనా రావలసి వస్తుందన్న అంచనాతో సెలవు దాచుకోవడం మంచిది.

ఇక్కడ వచ్చిన డిక్రీ అక్కడ చెల్లుతుందా అన్నది సహజంగా వచ్చే అనుమానం. ఇంగ్లండులో 1986 నాటి కుటుంబ చట్టం ప్రకారం, ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులైతే భారత కోర్టు ఇచ్చిన విడాకులను గుర్తిస్తారు. అయితే 1984 నాటి మరో చట్టం కింద, విదేశీ విడాకుల తర్వాత కూడా అక్కడి కోర్టును ఆర్థిక వాటా అడిగే వీలుంది. అమెరికా రాష్ట్రాలు, ఇద్దరికీ సరైన నోటీసు ఇచ్చి విచారించిన తీర్పును మామూలుగా గౌరవిస్తాయి.

అమెరికా డిక్రీ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 కింద, ‘మా వివాహ స్థితి ఇది’ అని ప్రకటించమని ఫ్యామిలీ కోర్టును అడగవచ్చు. అవతలి పక్షం ఒప్పుకుంటే సులువు, ఒప్పుకోకపోతే నరసింహారావు కేసు ప్రశ్నలన్నీ అక్కడ మళ్లీ తెరుచుకుంటాయి.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, లాంఛనాలు వెనక్కిచ్చి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడాకులు రాయించే పద్ధతి ఇప్పటికీ ఉంది. కులాచారంగా విడాకులున్న వర్గాలకు హిందూ వివాహ చట్టం సెక్షన్ 29 మినహాయింపు ఇస్తుంది, కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. మిగతావాళ్లకు ఆ కాగితం రాజీపత్రంగా పనికొస్తుందేమో గానీ పెళ్లిని రద్దు చేయదు. వీసా అధికారి ముందు అయితే అసలు నిలవదు.

పసుపు కుంకుమ పొలం, లాకర్‌లో నగలు, అమెరికాలో పుట్టిన పాప

అమ్మాయికి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పొలమో, ఇద్దరి పేరుతో నెల్లూరులో కొన్న ప్లాటో ఉందనుకుందాం. డల్లాస్ కోర్టు తన ముందున్న మనిషిని ‘ఇది ఆమెకు రాసివ్వు’ అని ఆదేశించగలదు. నెల్లూరు సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో పేరు మాత్రం మార్చలేదు. స్థిరాస్తి వివాదం ఆస్తి ఉన్న చోటి కోర్టులోనే తేలాలన్నది ఇక్కడి చట్టం. కాబట్టి ఒప్పందంలో రాసుకున్నా, ఇక్కడ విడిగా దస్తావేజు రిజిస్టర్ కావాలి. అందుకు విదేశం నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడి స్టాంపు సుంకం కట్టించాలి. ఆ మూడు నెలలు బీరువాలో గడిచిపోయి పని ఆగినవి తక్కువేమీ కాదు.

లాకర్‌లోని నగలు స్త్రీధనం. అవి ఆమె సొంతమని, అత్తింటివారు దాచి ఉంచినంత మాత్రాన వారివి కావని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని విడాకుల ఒప్పందంలో వాటిని గ్రాములతో సహా రాసుకోవడం మేలు.

భరణం వసూలులో దేశం ఏదన్నది తేడా తెస్తుంది. బ్రిటన్, సింగపూర్, యూఏఈ లాంటి దేశాలను భారత్ ‘పరస్పర దేశాలు’గా ప్రకటించింది. అక్కడి పై కోర్టుల డబ్బు డిక్రీని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44-ఎ కింద నేరుగా ఇక్కడి జిల్లా కోర్టులో అమలుకు పెట్టవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి డిక్రీ ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, తీర్పు వచ్చిన మూడేళ్లలోపే.

పాప సంగతి అన్నిటికన్నా సున్నితం. పిల్లలను దేశం దాటించే విషయంలో ఉన్న 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. టెక్సాస్ కస్టడీ ఉత్తర్వు ఉన్నా పాపను తల్లి పొదిలికి తెస్తే, ఇక్కడి కోర్టు మొదట చూసేది బిడ్డ మేలు. విదేశీ ఉత్తర్వుకు గౌరవం దాని తర్వాతే అని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని ఇక్కడికి తెస్తే గెలిచినట్టే అనుకోకూడదు. 2020లో మరో కేసులో, అక్కడి కోర్టు ఉత్తర్వును కాదని తెచ్చిన బిడ్డను అమెరికాకు తిరిగి పంపమని ఇదే సుప్రీంకోర్టు ఆదేశించింది. పైగా ఇలా బిడ్డను దేశం దాటించడం అమెరికాలో 1993 నుంచి ఫెడరల్ నేరం. ఆ తల్లి మళ్లీ అమెరికా గడ్డ మీద అడుగుపెట్టడమే కష్టం కావచ్చు.

ఇక వీసా. హెచ్-4 మీద ఉన్నవారి హోదా విడాకులు ఖరారైన రోజుతో ఆధారం కోల్పోతుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బి వారికి ఇచ్చే 60 రోజుల వెసులుబాటు ఇక్కడ వర్తించదు. అందుకే డిక్రీ తేదీకి ముందే స్టూడెంట్ వీసాకో మరో హోదాకో దరఖాస్తు చేసుకోవాలి. తేదీ ఎప్పుడు వేయించుకోవాలన్నది కూడా చర్చించుకోవలసిన అంశమే.

గల్ఫ్, ఇతర మతాలు

గల్ఫ్‌లో యూఏఈ 2023 ఫిబ్రవరి 1 నుంచి ముస్లిమేతరులకు విడిగా పౌర వివాహ చట్టం తెచ్చింది. అందులో తప్పు రుజువు చేయకుండానే విడాకులు దొరుకుతాయి. అంటే దుబాయ్ డిక్రీకీ డల్లాస్ డిక్రీ చిక్కే. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది. 2001 సవరణతో పరస్పర అంగీకారం వచ్చింది, చట్టంలో రాసిన ఎడబాటు రెండేళ్లు. ముస్లింలలో ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం, అది ఫోన్‌లోనైనా వాట్సాప్‌లోనైనా, 2019 చట్టం ప్రకారం చెల్లదు, పైగా నేరం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13 మాత్రం మతంతో పనిలేకుండా విదేశీ తీర్పులన్నిటికీ వర్తిస్తుంది.

ఈ చిక్కులన్నిటికీ ఒకే చట్టం కావాలని 1994 నుంచి సుప్రీంకోర్టు, తర్వాత లా కమిషన్ అడుగుతూనే ఉన్నాయి. ప్రవాస వివాహాల నమోదు బిల్లు 2019లో రాజ్యసభకు వచ్చింది. 2024లో లా కమిషన్ 287వ నివేదిక, ప్రవాస భారతీయుల పెళ్లిళ్లకు సమగ్ర కేంద్ర చట్టం తేవాలని సిఫారసు చేసింది. అది వచ్చేదాకా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1955 నాటి హిందూ వివాహ చట్టం, 1991 నాటి నరసింహారావు తీర్పు, ఈ మూడింటి మీదే బండి నడవాలి.

కాగితాల్లో పేర్లు

చివరికి పని ఆగేది చాలాసార్లు కాగితం దగ్గర. అమెరికా డిక్రీ అయితే ఆ రాష్ట్రంలో అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే అధికారిక ధ్రువీకరణ ముద్ర) వేయించిన ధ్రువీకృత ప్రతి తీసుకోవాలి. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. యూఏఈ అందులో లేదు కాబట్టి అక్కడి కాగితానికి దౌత్య కార్యాలయం ధ్రువీకరణ తప్పదు.

మన పేర్లతో వచ్చే తంటా వేరు. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా విడగొట్టి ‘సర్‌నేమ్’ గడిలోకి వెళుతుంది. అమెరికాలో పెళ్లయ్యాక అమ్మాయి భర్త ఇంటిపేరు పెట్టుకుని ఉంటే డిక్రీలో మూడో రూపం కనిపిస్తుంది. చీరాలలో పెళ్లయినవాళ్ల పాత సర్టిఫికెట్‌లో ప్రకాశం జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. డల్లాస్ డిక్రీలోని ఆమె, చీరాల సర్టిఫికెట్‌లోని ఆమె ఒక్కరేనని కాగితం మీద ఎవరికీ తెలియదు. అందుకే అక్కడి పిటిషన్ వేసేటప్పుడే పెళ్లి సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా పేరు, పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన ఊరు రాయించి, పేరుకున్న మిగతా రూపాలను దాని పక్కనే ‘అలియాస్’ అని చేర్పించుకోవాలి. డిక్రీ వచ్చాక ఈ తప్పు దిద్దించాలంటే మళ్లీ ఆ కౌంటీ కోర్టు మెట్లే ఎక్కాలి. అప్పటికి ఇద్దరిలో ఒకరి వీసా అయిపోయి ఉండొచ్చు.